కాలువ కింద చార్జింగ్ లైటు

కృష్ణా డెల్టాలో పొలాలకు నీళ్ళు తెచ్చే కాలువలు ఉంటాయి, పొలాల్లో మిగిలిన మురుగునీళ్ళు తీసుకుపోయే డ్రైన్లూ ఉంటాయి. ఎక్కడో ఒకచోట అవి ఒకదానికొకటి అడ్డం వస్తాయి. రెండు నీళ్ళూ కలవకూడదు కాబట్టి, డ్రైను నీళ్ళు కాలువ అడుగు నుంచి దాటిపోవడానికి ఇటుకతో సొరంగం కడతారు. మేం దాన్ని టన్నెల్ అనేవాళ్ళం. చాలావరకు తెల్లవాళ్ళ కాలంలో సున్నపు గచ్చుతో కట్టినవే. పైన కాలువ గట్టు మీద బస్సులు పోతుంటాయి, జనం గేదెలు కడుగుతుంటారు. కింద అలాంటిదొకటి ఉందని ఆ ఊళ్ళోవాళ్ళలోనే చాలామందికి తెలియదు.

వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసినప్పుడు ఆ టన్నెళ్ళకు మరమ్మతులు చేస్తారు. తొంభైల్లో మొదలుపెట్టి చాలా వేసవులు నేను వాటిల్లోనే గడిపాను. నాకు పని నేర్పింది మా అక్క భర్త. ఉర్దూలో దుల్హాభాయ్ అనాలి గానీ, విజయవాడలో మేమున్న వీధిలో అందరి ఇళ్ళలోనూ బావా అనే పిలుపు వినీ వినీ నాకూ అదే నోటికొచ్చింది. ఆయన తాపీ మేస్త్రి. పొడుగు మనిషి. నోరు ఊరుకునేది కాదు. ఇటుక అందిస్తున్న కూలీని పలకరిస్తాడు, గట్టు మీద పోతున్న ముసలమ్మను పలకరిస్తాడు, ఎవరూ లేకపోతే తాపీతో మాట్లాడతాడు. పనిలో ఆయన పక్కన ఉంటే పొద్దు పోవడం తెలిసేది కాదు.

టన్నెల్ పని ఎలా ఉంటుందంటే, ముందు రెండు వైపులా డ్రైనుకు మట్టితో అడ్డుకట్టలు వేస్తాం. లోపలున్న నీళ్ళు ఆయిల్ ఇంజను పెట్టి తోడేస్తాం. బురద గమేళాలతో ఎత్తిపోస్తాం. అప్పుడు మేస్త్రులం లోపలికి వెళ్ళి, గచ్చు ఊడిపోయిన సందులు గీకి, సిమెంటు మాలు కూరుతాం. నిటారుగా నిలబడటానికి వీలుండదు. నడుం వంచి నడవాలి, కూర్చుని పనిచెయ్యాలి. టన్నెల్ సూటిగా ఉండదు. ఇటు నోటి దగ్గర నుంచి కిందికి దిగి, మధ్యలో పల్లంగా సాగి, మళ్ళీ అటు పైకి లేస్తుంది. అందువల్ల రెండు నోళ్ళూ తెరిచి ఉన్నా మధ్యలో ఉన్నవాడికి వెలుతురు కనపడదు. బయట రోహిణి కార్తె ఎండకు గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. లోపల మాత్రం చల్లగా, ఏ పూటైనా ఒకటే చీకటి.

దీపం పెద్ద సమస్యగా ఉండేది. లాంతరు పొగ కళ్ళలోకి వచ్చేది. గ్యాస్ లైటు పెడితే వెలుతురు బాగానే ఉండేది గానీ కాసేపటికి ఊపిరాడేది కాదు, తల దిమ్మెక్కేది. ఒక ఏడాది కాంట్రాక్టరు జనరేటరు తెప్పించి వైరు లాగి బల్బు పెట్టించాడు. నీళ్ళలో తడిసిన వైరు తొడుగు ఎక్కడో ఊడి, మాతో పనిచేసే ఒక మనిషి షాకు కొట్టి ఎగిరి గోడకు తగిలాడు. బతికాడు గానీ అరచెయ్యి కాలిపోయింది. ఆ తర్వాత వైరుతో లోపలికి వెళ్ళనని బావ తెగేసి చెప్పాడు.

మరుసటి వేసవికి కాంట్రాక్టరు చార్జింగ్ లైటు తెచ్చాడు. అప్పట్లో కరెంటు కోతలకు దుకాణాల్లో పెట్టుకునేవాళ్ళే, అలాంటిదే, కాస్త పెద్దది. పైన పిడి, ముందు రెండు చిన్న ట్యూబులు, అడుగున బరువైన బ్యాటరీ. వైరు లేదు, పొగ లేదు, వేడి లేదు. దాన్ని మొదటిసారి టన్నెల్ మధ్యలో పెట్టి వేసినప్పుడు బావ పని మానేసి చుట్టూ చూస్తూ కూర్చుండిపోయాడు. అన్నేళ్ళుగా లాంతరు వెలుగులో నల్లగా కనిపించిన గోడలు ఎర్రగా ఉన్నాయి. పైకప్పు వంపులో ఇటుకలు ఎంత ఒద్దికగా పేర్చారో కనిపించింది.

"ఒరే, ఇది టన్నెల్ కాదురా, పెళ్ళివారిల్లు," అన్నాడు.

ఆ లైటుకు ఒక్కటే చిక్కు. రాత్రంతా కరెంటులో పెడితేగానీ మర్నాడు పని నడవదు. పొలాల మధ్య మాకు కరెంటెక్కడిది? ఉయ్యూరు దాటాక మేం పనిచేస్తున్న టన్నెల్‌కు దగ్గరలో గట్టు కిందే ఒక రైతు ఇల్లు ఉండేది. చెరకు వేసేవాడు. పెద్దమనిషి. సాయంత్రం పని అవగానే లైటు వాళ్ళ వసారాలో పెట్టేసి బస్సెక్కేవాళ్ళం. పొద్దున ఆయన భార్య దాన్ని తుడిచి అరుగు మీద సిద్ధంగా పెట్టేది.

ఆ రోజు పొద్దున మేం వెళ్ళేసరికి రైతు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"రాత్రి కరెంటు పోయిందండీ మేస్త్రిగారూ. తెల్లవారుజామున వచ్చింది. చార్జింగు ఎంత ఎక్కిందో ఏమో మరి," అన్నాడు.

బావ లైటు వేసి చూశాడు. బాగానే వెలిగింది.

"పర్లేదండీ. ఉన్నంతసేపు చేస్తాం, తగ్గితే బయటికొచ్చేస్తాం. కాలువకి నీళ్ళొదులుతారంటున్నారుగా, ఇంక రోజులు లేవు," అన్నాడు.

నాకూ అదే సరైన మాటనిపించింది. ఇప్పుడు ఆలోచించినా అందులో తప్పు కనిపించదు. ట్యూబుల చివర్లు ఎర్రబడటం మొదలవగానే వచ్చేయడం మాకు అలవాటే.

మధ్యాహ్నం కూలీలు అన్నాలకు గట్టవతల చెట్ల నీడకు వెళ్ళారు. ఊట నీళ్ళు తోడటానికి ఇంజను పైన నడుస్తూనే ఉంది. దాని గొట్టం టన్నెల్ నోట్లోంచి లోపలికి దిగి పల్లంలో ముంచి ఉంది. మేమిద్దరం ఒక సందు పూర్తి చేసి పోదామని ఉండిపోయాం. బావ గోడకు కాళ్ళు చాపి కూర్చుని పైకప్పు వంపు మొదలయ్యే చోట మాలు కూరుతున్నాడు. నేను కాస్త వెనక, తట్టలో మాలు కలుపుతున్నాను. ఆయన ఏదో పెళ్ళి సంగతి చెబుతున్నాడు. మధ్యలో ఆపాడు.

"ఏదో రాలింది," అన్నాడు.

తల ఎత్తాను. సున్నం పొడి ఆయన భుజం మీద పడుతోంది. అంతలోనే పైకప్పు ముక్క ఊడి పడింది. ఇటుకలు విడివిడిగా పడలేదు. ఇన్నేళ్ళ గచ్చుతో ఒకటైపోయిన పెద్ద దిమ్మ ఒక్కటిగా దిగింది. ఆ చప్పుడు చెవులతో కాదు, కడుపుతో విన్నట్టనిపించింది. దుమ్ము. ఆ దుమ్ములో లైటు తెల్లటి ముద్దలా ఉంది. బావ అరవలేదు. గట్టిగా ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

పాక్కుంటూ వెళ్ళాను. దిమ్మ ఆయన కుడి కాలి మీద, మోకాలి కింద పడింది. తల బాగానే ఉంది, చేతులు బాగానే ఉన్నాయి. దిమ్మ కిందికి వేళ్ళు దూర్చి లాగాను. కదల్లేదు. భుజం పెట్టి తోశాను. బావ అప్పుడు అరిచాడు. మానేశాను.

"ఒక్కడివల్ల కాదురా. పోయి మనుషుల్ని తీసుకురా," అన్నాడు.

అప్పుడు చూశాను. ఇంజను గొట్టం కూడా దిమ్మ కింద నలిగిపోయి ఉంది. పైన ఇంజను తిరుగుతూనే ఉంది గానీ ఇక్కడ నీళ్ళు తోడటం లేదు. ఊట ఆగేది కాదు. అడ్డుకట్ట కింద నుంచి, పైనున్న కాలువలో నిలిచిన నీళ్ళ నుంచి, గోడల నుంచి, ఎప్పుడూ వస్తూనే ఉండేది. బావ కూర్చున్నది పల్లం మధ్యలో. ఆయనా గొట్టం వంక చూశాడు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

"లైటు తీసుకుపో. త్వరగా వెళ్తావు," అన్నాడు.

"వద్దు బావా. నీ దగ్గరే ఉండనీ. నేను గోడ పట్టుకుని పోతా."

"ఒరే, చెప్పిన మాట విను..."

వినలేదు. లైటును ఆయన చెయ్యందేలా గోడలో గూడులా ఊడిన చోట, నీళ్ళకు పైన పెట్టాను. ట్యూబుల చివర్లు అప్పటికే కాస్త ఎర్రగా ఉన్నాయి. కుడి చెయ్యి గోడకు ఆనించి, తల కప్పుకు తగలకుండా వంగి, నీళ్ళలో కాళ్ళు ఈడుస్తూ వెళ్ళాను. నాలుగడుగులు వేసేసరికి నా నీడ నా ముందే పొడుగ్గా పడింది. కాస్త ఎత్తెక్కాక నీడ కూడా లేదు. రోజూ నడిచిన దారే. ఆ రోజు ఎంతకీ తెగలేదు. వెనక నుంచి బావ ఏదో అంటున్నాడు. నాతోనా, అల్లాతోనా తెలియలేదు. ఆగలేదు.

బయటికి రాగానే ఎండకు కళ్ళు మూసుకుపోయాయి. కళ్ళు మూసుకునే అరిచాను. ముందు రైతు పరిగెత్తుకొచ్చాడు, వెనక కూలీలు. గట్టు మీద చెరకు ట్రాక్టరు ఆగి ఉంటే దాని జాకీ పీకారు. గునపం, రెండు చెక్కలు పట్టుకున్నారు. రైతు ఇంట్లో టార్చి తెచ్చాడు గానీ దాంట్లో సెల్లు కారిపోయి తుప్పు పట్టి ఉంది. ఆయన భార్య లాంతరు వెలిగించి తెస్తానని వెనక్కి పరిగెత్తింది. దానికోసం ఆగలేకపోయాం.

"లోపల లైటుందండీ," అన్నాను. "వెలుగుతోంది. దాన్ని చూసుకుంటూ పోదాం."

నేను ముందు, నా వెనక రైతు, ఆయన వెనక ఇద్దరు కూలీలు. దిగుడు దిగేదాకా బయటి వెలుతురు వెంట వచ్చింది. పల్లంలోకి వచ్చాం. అక్కడి నుంచి బావ దగ్గరి లైటు కనిపించాలి. కనిపించలేదు. ముందంతా నలుపే.

"బావా!" అన్నాను.

నా గొంతే గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. మా కాళ్ళ కింద నీళ్ళు గలగలమంటున్నాయి. ఇందాక చీలమండ దాకా ఉన్నవి ఇప్పుడు పిక్కల పైకి వచ్చాయి. అయిపోయిందనుకున్నాను. దానికి వేరే మాట లేదు. మా అక్క ముఖం కళ్ళ ముందుకొచ్చింది.

"అందరూ కదలకుండా ఆగండి," అన్నాడు రైతు వెనక నుంచి. ఆగాం. నీళ్ళ చప్పుడు ఆగింది.

అప్పుడు ముందు చీకట్లో 'టక్' మని చిన్న చప్పుడైంది. రెండు ట్యూబులూ ఒకసారి కొట్టుకుని, మళ్ళీ కొట్టుకుని, వెలిగాయి. ఆ వెలుగులో బావ ఉన్నాడు. నీళ్ళు ఆయన రొమ్ము దాకా ఉన్నాయి. ముఖమంతా సున్నం. మా వైపు చూస్తున్నాడు గానీ మమ్మల్ని గుర్తుపట్టినట్టు లేడు.

తర్వాతిదంతా పని. జాకీ నీళ్ళ అడుగున పెట్టి, దాని కింద చెక్క వేసి, గునపంతో దిమ్మను పట్టి ఉంచి తిప్పాం. రైతు లైటు పట్టుకున్నాడు. దిమ్మ లేచింది, జారింది, మళ్ళీ లేచింది. కాలు బయటికి లాగాం. బావను వీపు మీదికి ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి లైటు పసుపు రంగుకు వచ్చి, తర్వాత దారంలా ఎర్రగా మిగిలి, పోయింది. అప్పటికి దిగుడు దగ్గరకు చేరాం. లాంతరు పట్టుకుని రైతు భార్య టన్నెల్ నోట్లో మోకాలి లోతు బురదలో నిలబడి ఉంది.

అదే ట్రాక్టరు ట్రక్కులో గడ్డి వేసి ఉయ్యూరు తీసుకెళ్ళాం. అక్కడ కట్టు కట్టి విజయవాడ పంపించారు. ఎముక రెండుచోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. కాలు మిగిలింది గానీ కాస్త పొట్టిదైంది.

ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆ లైటు సంగతి నేనే చెప్పాను. చార్జింగు తక్కువగా ఉందని తెలిసి, మేం వచ్చేసరికి వెలుతురు మిగలాలని, కాలు నలిగి, నీళ్ళు పెరుగుతుంటే, ఆయన లైటు ఆర్పేసి చీకట్లో కూర్చున్నాడని. ఎవరు వింటే వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. కాంట్రాక్టరు మంచం పక్కన నిలబడి, "మీ గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలండీ మేస్త్రిగారూ," అన్నాడు. మా వీధిలోవాళ్ళు వచ్చి పిల్లలకు ఆయన్ని చూపించారు. బావ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నొప్పేమో అనుకున్నాం.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆయన చీకటిలో ఉండలేకపోయాడు. స్నానాల గదిలో కిటికీ లేదు. తలుపు తెరిచిపెట్టుకుని స్నానం చేసేవాడు. కరెంటు పోతే, నేల మీద ఈడ్చుకుంటూనో కర్ర పట్టుకునో, ఎలాగోలా వీధిలోకి వచ్చేసేవాడు. అక్క కొవ్వొత్తి వెలిగించేదాకా కూడా ఆగేవాడు కాదు. అడిగితే కోపం. మామూలు కోపం కాదు. గ్లాసు విసిరేశాడు ఒకసారి. మాటలు మాత్రం తగ్గిపోయాయి. అంత వాగుడుకాయ మనిషి పూట పూటంతా గుమ్మంలో కూర్చుని రోడ్డు చూస్తుండేవాడు.

"ఏం జరిగిందిరా అక్కడ? అంత ధైర్యం చూపించిన మనిషి ఇప్పుడేంటి ఇట్టా అయిపోయాడు?" అని అక్క నన్ను నిలదీసేది.

నాకు తెలిసింది చెప్పేవాణ్ణి. అదే కథ. విన్నకొద్దీ ఆవిడకు ఇంకా అయోమయంగా ఉండేది.

చలికాలంలో ఒకరోజు ఇంజను బాగుచేయించడానికి ఆటోనగర్ వెళుతూ బావను కూడా తీసుకెళ్ళాను. నాలుగు మాటలు మాట్లాడతాడేమోనని. షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం. మా ఎదురుగా గుంత మీద లారీ నిలబెట్టి ఉంది. కింద మెకానిక్కు పనిచేస్తున్నాడు. పక్కన చార్జింగ్ లైటు వెలుగుతోంది, అచ్చం మాలాంటిదే. బావ దాన్నే చూస్తున్నాడు. టీ చల్లారిపోయింది.

"ఒరే, ఆ కథ ఇంక ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"ఏ కథ?"

"లైటు కథ. మీకోసం ఆర్పానని చెబుతున్నావు చూడు, అది."

"జరిగిందే కదా బావా చెబుతున్నా?"

"నువ్వున్నావా అక్కడ?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. చుట్టూ రేకులు కొడుతున్న మోతలో నేను ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"నువ్వెళ్ళాక చూస్తూ కూర్చున్నా. ఎదుటి గోడ మీద ఒక ఇటుక వరస ములిగింది. కాసేపటికి దాని పైది ములిగింది. మూడోది సగం ములిగింది. లైటు వెలుగులో అంతా శుభ్రంగా కనిపిస్తోంది కదా. చూడలేకపోయానురా. కళ్ళు మూసుకున్నా, మళ్ళీ తెరుచుకుంటున్నాయి. ఇంక ఆర్పేశా. మీకోసమూ కాదు, ఎవరికోసమూ కాదు. నీళ్ళు కనపడకుండా ఉంటే చాలనుకున్నా."

బల్ల మీద ఇంకాస్త ఆయన వైపు జరిగాను.

"ఆర్పాక ఇంకా ఘోరం. అప్పుడు నీళ్ళు ఒంటికి తెలుస్తున్నాయి. మళ్ళీ వేద్దామని స్విచ్చు మీద చెయ్యేశా. వెయ్యలేకపోయా. వేస్తే వెలగకపోతే? అది తెలుసుకునే ధైర్యం లేదు నాకు. అట్టాగే చెయ్యి దాని మీద పెట్టుకుని కూర్చున్నా. నీ పిలుపు వినిపించిందిగానీ నోరు పెగల్లేదు. వాళ్ళేమో ధైర్యం ధైర్యం అంటున్నారు. విన్నప్పుడల్లా నాకు అక్కడికే వెళ్ళినట్టుంటోంది."

"వెలిగింది కదా బావా. వెలగబట్టే నిన్ను బయటికి తెచ్చాం. ఎందుకు ఆర్పితేనేం?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నీకు అర్థం కాదులే," అన్నాడు. "మీ అక్కకి మాత్రం చెప్పొద్దు."

ఆ రోజు నుంచి ఆ కథ చెప్పడం మానేశాను. ఎవరైనా ఎత్తితే మాట మార్చేవాణ్ణి. కానీ మనసులో ఒకటి కుదురుకోలేదు. ఆయన చెప్పింది నిజమే అయినా, మేం పిలిచినప్పుడు ఆ స్విచ్చు నొక్కింది కూడా ఆ మనిషే. వెలగకపోవచ్చని అంత భయపడినవాడు అప్పుడెలా నొక్కాడు? అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు. అడిగితే మళ్ళీ పొగుడుతున్నాననుకుంటాడని భయం.

మళ్ళీ వేసవి వచ్చింది. టన్నెల్ పనికి నేనొక్కణ్ణే మేస్త్రిగా వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున తలుపు తీసేసరికి బావ చేతికర్రతో బయట నిలబడి ఉన్నాడు. అన్నం క్యారియరు కూడా కట్టించుకున్నాడు.

"నేనూ వస్తా. లోపలికి కాదులే. బయట కూర్చుంటా," అన్నాడు.

టన్నెల్ నోటి దగ్గర, నీడ పడే చోట, ఇటుకల మీద గోనెసంచి వేసుకుని కూర్చునేవాడు. ముందు లైటు తీసుకుని వేసి చూసేవాడు, ఆర్పి మళ్ళీ వేసేవాడు. రాత్రి కరెంటు ఉందో లేదో లైటు చార్జింగు పెట్టిన ఇంటివాళ్ళనడిగి నిర్ధారించుకునేవాడు. నేను లోపలికి దిగాక పిలవడం మొదలుపెట్టేవాడు.

"ఏరా!"

"ఆఁ బావా!"

కాసేపటికి మళ్ళీ. "ఏరా!" జవాబివ్వకపోతే ఊరుకోడు. చేతిలో తాపీ ఉన్నా, నోట్లో దుమ్మున్నా పలకాలి. కూలీలు మా ఇద్దర్నీ అనుకరిస్తూ నవ్వుకునేవాళ్ళు. నాకు చిరాకేసేది. ఒకసారి విసుక్కుని, "చిన్నపిల్లాడినా నేను, గంటకు పదిసార్లు పిలుస్తావు?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. కాసేపు ఆగి మళ్ళీ పిలిచాడు. ఆ తర్వాత ప్రతి వేసవీ అలాగే గడిచింది. బయటి పనులు, ప్రహరీ గోడలు, మెట్లు, అన్నీ చేసేవాడు. టన్నెల్‌లోకి మాత్రం, బయటి వెలుతురు పడినంతమేరే.

రెండు వేలు దాటి కొన్నేళ్ళకు ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపులో కొన్నాను. అరచెయ్యంత ఉంది. వెనక అయస్కాంతం, తగిలించుకోవడానికి కొక్కెం. పాతది మోసినంత బరువులో ఇలాంటివి పది మోయొచ్చు. పొద్దస్తమానం వెలిగినా తగ్గేది కాదు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాటరీ ఎక్కడుందిరా దీంట్లో?" అన్నాడు. నమ్మకం కుదరక, నా జేబులో ఇంకొకటి పెట్టించేదాకా ఊరుకోలేదు.

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. బందరు వైపు ఒక టన్నెల్‌లో పనిచేస్తున్నాం. మధ్యాహ్నంలోపు అవతలి అడ్డుకట్ట కింద ఊట ఎక్కువైనట్టు అనుమానం వచ్చి, చూసొద్దామని నేను లోపలి నుంచే అటు నోటికి నడిచి బయటికెక్కాను. మట్టి జారుతోంది. కూలీలను కేకేసి బస్తాలు వేయించేసరికి కాస్త ఆలస్యమైంది. బావ ఇవతలి నోటి దగ్గర ఉన్నాడు. మధ్యలో కాలువ గట్టు, ఇంజను మోత. ఆయన పిలిచినా నాకు వినిపించే వీలు లేదు. ఆ తొందరలో నాకది గుర్తు కూడా రాలేదు.

పని అయ్యాక మళ్ళీ లోపలికి దిగాను, లైటు చేత్తో పట్టుకుని. పల్లం దగ్గరకు రాగానే ముందు ఏదో కదిలింది. కుక్కేమో అనుకున్నాను. లైటు అటు తిప్పాను.

బావ. చేతిలో దీపం లేదు. కర్ర ఎక్కడో పడిపోయింది. పిక్కల లోతు నీళ్ళలో, ఒక చెయ్యి గోడకు ఆనించి, పొట్టి కాలు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. "ఏరా, ఏరా" అనే అంటున్నాడు, గొంతు మాత్రం బయటికి రావడం లేదు.

"బావా! ఇక్కడున్నా. కళ్ళు తెరువు, లైటుంది."

వెంటనే తెరవలేదు. ముందు చెయ్యి చాచి నా చొక్కా దొరకబుచ్చుకున్నాడు. తర్వాత తెరిచాడు. నన్ను చూశాడు. భుజం మీద ఒక దెబ్బ వేశాడు, తాపీ పట్టే చేత్తో, గట్టిగా.

"పలకవేంరా! పలకవేం!"

ఇంకో దెబ్బ వేయబోయి అలాగే నా మీదికి వాలిపోయాడు. లైటు ఆయన చేతికిచ్చి, నడుం చుట్టూ చెయ్యేసి, మెల్లగా నడిపించి బయటికి తెచ్చాను. గోనెసంచి మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. సగం గడ్డం మీద ఒలికాయి. కూలీలు చుట్టూ చేరారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

కాసేపయ్యాక, "అంత భయమున్నవాడివి ఎలా వచ్చావు బావా?" అన్నాను.

"ఏమో," అన్నాడు. "నువ్వు పలకలేదు."

ఆయన లోపలికి వెళ్ళొచ్చాడు కదా, ఇక భయం వదిలిపోతుందని నాలో నేను ఆశపడ్డాను. ఆటోనగర్‌లో ధైర్యం లేదని తాను చెప్పుకున్న మాట తనకే తప్పుగా తోస్తుందేమో అనీ అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఆ వారమంతా జ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు. నిద్రలో అరిచాడని అక్క చెప్పింది. మరుసటి వేసవికి కాంట్రాక్టరు కబురు చేస్తే నేను రానన్నాను. ఇంకెవరినో చూసుకున్నాడు. నేను చేస్తే ఆయన వచ్చి అక్కడ కూర్చుంటాడు. పలుకు వినపడకపోతే మళ్ళీ లోపలికి దిగుతాడు. ఆయన్ని ఆపడం నా వల్ల కాదు.

ఇప్పుడు ఇద్దరం అపార్ట్‌మెంట్లలో టైల్స్ పని చేస్తున్నాం. కరెంటు కనెక్షను రాని కొత్త బిల్డింగుల్లో స్నానాల గదులు చీకటిగా ఉంటాయి. అక్కడ నేను గోడకు లైటు తగిలించుకుని చేస్తాను. బావ బాల్కనీల్లో, వంటగది కిటికీల దగ్గర చేస్తాడు. మాటలు కొంత తిరిగొచ్చాయి. కూలీలను ఆటపట్టిస్తాడు, మాలు పలచగా కలిపితే తిడతాడు.

ఇంట్లో మంచం పక్కన ఆయన పడుకునే వైపు లైటు ఆర్పరు. కరెంటు పోయినా ఆరకుండా ఇన్వర్టరు పెట్టించాను. వెలుతురు కళ్ళలో పడుతుందని అక్క మొదట్లో సణిగేది. ఇప్పుడు ఏమీ అనదు. పైట కొంగు ముఖం మీద కప్పుకుని పడుకుంటుంది.